ఇరవై ఒకటో కాగితం

జెరూసలేము,
నీసాను నెల 8, గురువారం.

మిత్రుడు నహూమ్‌కు,

నీకూ నీ ఇంటిల్లిపాదికీ శాంతి కలుగుగాక. ఇక్కడ మేమంతా క్షేమం. పస్కా పండుగకని మా ఆవిడ మజల్ ఇల్లంతా దులుపుతూ నన్ను కూడా దులిపి వసారాలో పెట్టింది. నీ మోకాలు ఎలా ఉంది?

మనం కలిసి మొదలుపెట్టిన తాల్ముద్ ధర్మశాస్త్ర గ్రంథం పూర్తి కావచ్చింది. నువ్వు రావడం మానేసిన ఈ మూడేళ్లూ నేనొక్కణ్ణే చదివాను. ఒక్కణ్ణే అంటే అబద్ధం. నా వాదన చెప్పి, కుర్చీ మారి నీ వాదనా నేనే చెప్పేవాణ్ణి. నీలాగా అరిస్తే నాకు దగ్గొచ్చేది. "ఖాళీ కుర్చీతో ఎంతకాలం పోట్లాడతావయ్యా, ఆ మనిషినే పిలవరాదూ" అని మా ఆవిడ ఒకటే పోరు.

ఇరవై ఒకటో కాగితం మాత్రం ముట్టుకోలేదు. తగువు వచ్చింది అక్కడే కదా! వస్తువు పోయిందని సొంతదారుకే ఇంకా తెలియకపోతే, అతను దానిమీద ఆశ వదులుకున్నట్టేనా అని. తెలిస్తే ఎలాగూ వదులుకుంటాడు, కనక దొరికినవాడిదే అన్నాను నేను. తెలియనివాడు ఎలా వదులుకుంటాడు, వస్తువు వాడిదే అన్నావు నువ్వు. "నలభై ఏళ్లు బస్సు తోలినవాడి బుర్రకి ఇవి ఎక్కవులే" అని కూడా అన్నావు. నేను ఊరుకున్నానా? "పళ్లు పీకేవాడికి ఎక్కుతాయేం" అన్నాను. నువ్వు తలుపు ధడాలున వేసి పోయావు.

ఆ ఒక్కటీ చదివితేగాని గ్రంథం ముగిసినట్టు కాదు. వచ్చే బుధవారం పస్కా ముందురోజు, తొలిచూలు మగవాళ్లంతా పస్తుండాలి. ఎవరైనా గ్రంథం ముగిస్తే పస్తు మాని ఆ ముగింపు విందులో కూర్చుని తినవచ్చు. మన మందిరంలో పదకొండుమంది నన్నే నమ్ముకున్నారు. నీ అల్లుడు ఏరెజ్ మెట్లమీద పట్టుకుని, "సాసోన్ మావయ్యా, మీ పంతాలకు నా పొట్ట మాడ్చకండి" అన్నాడు.

కాబట్టి బుధవారం తెల్లవారగానే వచ్చెయ్. ముందు ఆ కాగితం చదువుదాం, ప్రార్థన అయ్యాక గ్రంథం ముగిద్దాం. పండుగకు ఇంట్లో పిండి ఉండరాదు, ఆలోపు డబ్బా ఖాళీ కావాలి కనక మజల్ జున్ను కజ్జికాయలు చేస్తోంది.

నీతో చదివే
సాసోన్

తా.క.: నహూమ్, ఎవరి పొట్టా మాడదు. కింది వీధి మందిరంలో అదే పొద్దున ఇంకొకాయన మరో గ్రంథం ముగిస్తున్నాడు, పదకొండుమందీ అక్కడికే పోతున్నారు. ఏరెజ్ మాటలు నేనల్లినవి. అతణ్ణి అడిగి నా పరువు తీయకు. మన తగువు రోజు నువ్వింకా మెట్లు దిగుతుండగానే నేను తరువాతి కాగితం తిప్పాను. తీర్పు నీ వైపే ఉంది. నిన్ను వెనక్కి పిలవడానికి నోరు రాలేదు. నువ్వు లేక ఈ చదువులో నాకు రుచి లేదు. రా, ఆ తీర్పు నువ్వే గట్టిగా చదువు, నేను వింటాను.