తిరగవాత పెట్టిన గంజి

జూలై 2
మళ్లీ బయట తిండే. ఎమ్మిగనూరు బస్టాండు పక్క హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. అత్త సగం తిని ప్లేటు జరిపింది. "ఇంత ఉగ్గానికి ఈడిదాకా రావల్లనా? ఇంట్లో నేను లేనా?" మా ఆయన ఇంకో బజ్జీ తెప్పించాడు. నేను గ్లాసెడు నీళ్లు తాగాను.

జూలై 3
నేను మగ్గం మీద, అత్త పొయ్యి దగ్గర. పెళ్లైనప్పటి నుంచీ ఇదే కట్టుబాటు — నూనె చేతులు నూలుకు తగలకూడదని అత్తే పెట్టింది. పడుగు నూలు గట్టిపడాలని పట్టించే గంజి కాచేదీ ఆమే. పోయిన నెల ఆ గంజికి, పప్పుకు పోపు పెట్టినట్టు, తిరగవాత పెట్టింది. వీధిలో పడుగు సాగదీసి పూస్తుంటే కుంచెకు ఆవాలు, కరివేపాకు. మొదట నాకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూశాక పోయింది.
ఆ తర్వాత ఒకరోజు గ్యాస్ తిప్పి, అంటించడం మరిచి పెరట్లోకి వెళ్లిపోయింది. పాప వంటింట్లోనే ఆడుకుంటోంది. అప్పట్నుంచే, అత్త పొయ్యి వెలిగించకుండా, ఈ హోటళ్లు.

జూలై 6
"మతిమరుపు వచ్చిందని అమ్మకు సెప్పొద్దు. పొయ్యి కాడి నుంచి లేపితే మనిషి మిగలదు" అంటాడు ఆయన. సరే, చెప్పను. మరి నామీద పడే మాటలో?

జూలై 9
కుళాయి దగ్గర పక్కింటి లక్ష్మక్క — "నీకేమి తల్లీ, దినామూ హోటలే. అత్త వంట గొంతు దిగదంట గదా?" ఎవరన్నారక్కా అంటే, "మీ అత్తే. ఏడుసుకుంటా సెప్పింది."
ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చాక మాత్రం బిందె దించి గడప మీదే కూర్చున్నాను. అత్త ఏడ్చిందట. మా ముందు కాదు, లక్ష్మక్క ముందు.

జూలై 10
బెత్తెడు గుడ్డ కూడా నేయలేదు.

జూలై 13
పాపకు బిర్యానీ కావాలని వంక పెట్టి ఆదోని. హోటల్లో కూర్చోగానే అత్త సంచిలోంచి పొట్లం తీసింది. జొన్న రొట్టె, చెనిక్కాయల పొడి. మేం లేవకముందే చేసిందన్నమాట. "తిను తల్లీ, అవ్వ సేసింది." పాప నోట్లో పెట్టుకోబోయింది — నా చేయి వెళ్లి లాక్కుంది. ముందు నేను కొరికాను. ఎంత బాగుందో! ఉప్పు, కారం, వెల్లుల్లి, అన్నీ సరిగ్గా.
"ఏమే, విషం కలిపినా అనుకుంటివా?"
బస్సులో వచ్చేటప్పుడు నా పక్కన కూర్చోలేదు.

జూలై 14
ఆయన నూలు తేవడానికి వెళ్లగానే అత్తకు అన్నీ చెప్పేశాను. దాచి దాచి నావల్ల కాలేదు.
"గంజి సంగతి నాకు ఎరుకే. తెలిసే గదా మీ యెంట వస్తాండేది" అంది. గ్యాస్ సంగతి మాత్రం ఆమెకు తెలియదు. "పాప... ఆడే ఉండెనా?" అని రెండుసార్లు అడిగింది. గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

జూలై 15
పొద్దున్నే ఒప్పందం. అత్తే అంది — "ఈ పొద్దు యాడికీ పోవద్దు. ఇంట్లోనే వండుతా. పొయ్యి అంటించే ముందు నిన్ను పిలుస్తా, వచ్చి నిలబడు. పిలవడం మరిసినానా, ఇంక పొయ్యి నీదే." చేతిలో చెయ్యేసి చెప్పింది.
మగ్గం మీద కూర్చున్నాను గానీ చేయి ఆడటం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. పాప నా ఒళ్లోనే ఉంది.
అత్త ఇంకా పిలవలేదు.
వంటింట్లో ఆవాలు చిటపటమంటున్నాయి...