అద్దం పక్క టేబుళ్లు

మే 19, ఆదివారం

కొత్త హాలు తెరిచాం. నాయన కొట్టిన కొబ్బరికాయ ఒక్క దెబ్బకే పగిలింది. అందరూ మంచి శకునం అన్నారు. నీళ్లు కొత్త మొజాయిక్ మీద పడతాయేమోనని నేను గుడ్డ పట్టుకుని నిలబడ్డాను.

రోడ్డు వైపు గోడ లేదిప్పుడు. నడుమెత్తు నుంచి పైకప్పు దాకా అద్దం. పాత చెక్క బల్లలు, బల్లల మధ్య మనిషెత్తు చెక్క అడ్డాలు, ఆ చీకటి... అన్నీ పోయాయి. ఫార్మైకా టేబుళ్లు, ట్యూబ్‌లైట్లు, చేతులు కడుక్కోవడానికి తెల్లటి బేసిను. అంతా నా పని. మద్రాసులో పిన్ని కూతురి పెళ్లికి పోయినప్పుడు సముద్రం ఒడ్డున ఇలాంటి హోటల్ చూశాను. అప్పటి నుంచి నాయన ప్రాణం తోడేసి తోడేసి ఇదిగో, ఇవాళ్టికి సాధించాను. అక్కడ అద్దం అవతల సముద్రం. ఇక్కడ పోదనూరు స్టేషన్ జట్కా స్టాండు. ఏం చేస్తాం.

రామసామన్న గుమ్మంలోనే చెప్పులు విప్పేశాడు. మిల్లు ఫిట్టరు, నేను గౌన్లు వేసుకునే రోజుల నుంచి మా దగ్గరే తింటున్నాడు. "ఏంటికన్నా చెప్పులు విప్పేది?" అంటే, "గుడి మాదిరి ఉండాది పాపా. తొక్కేకి మనసు రాలే" అన్నాడు.

రైల్వే కాలనీ ఆరోక్యం అన్న కుటుంబంతో వచ్చాడు. ఇంజన్ మీద పనిచేసిన మనిషి, గొంతు ఇంకా ఇంజన్ పక్కన నిలబడి అరిచినట్టే ఉంటుంది. "ఇంగ ఊటీకి పోయ్యేదేంటికి? ఈడ కూచుంటే సరి!" హాలంతా నవ్వింది. నాయన కూడా.

మే 20

నాయన మాట, ఆయన అన్నది అన్నట్టుగా రాసి పెడుతున్నాను: "ఆడి నెల ముగిసేదంకా చూస్తా. హాలు నిండితే హోటలు నీ చేతికే. నేను అడ్డం రాను. నిండకుంటే మీ మామకు ఇచ్చేస్తా." ఆడి అంటే ఇక్కడి తమిళ నెల, ఆగస్టు నడిమికి ముగుస్తుంది.

మామ — అమ్మ తమ్ముడు, పీలమేడులో పంపుసెట్ల ఫ్యాక్టరీ. స్టేషన్ పక్కన గోడౌన్ కావాలట, మా హాలు మీద ఎప్పటి నుంచో కన్ను. అమ్మ పోయాక నేను గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం ఆయనకు మొదటి నుంచీ గిట్టదు. "నాయుడింటి ఆడబిడ్డ ఊరందరికీ చిల్లర ఎంచి ఇచ్చేదా" అంటాడు. ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చి పడుతుంది. ఆయనకు ఇది చెప్పినా అర్థం కాదు, చెప్పను కూడా.

మే 23

ఊటీ సీజను. పొద్దున రైలు దిగి కొండకు పోయేవాళ్లు, కొండ దిగి వచ్చేవాళ్లు. కాళ్లు వాచిపోయాయి. సంతోషం.

మే 26, ఆదివారం

మద్రాసు వాళ్లు, బొంబాయి వాళ్లు వచ్చీ రాగానే అద్దం పక్క టేబుళ్లే అడుగుతారు. పిల్లలు ముక్కులు ఆనించి జట్కా గుర్రాలను చూస్తూ తింటారు. అద్దం తుడవలేక చస్తున్నాం.

సాయంత్రం మిల్లు సంగు, అదే సైరను, కూయగానే షిఫ్టు దిగిన కుర్రాళ్లు రోడ్డు మీద నిలబడి, తల మీది దూది దులుపుకుని, మా అద్దంలో క్రాపులు దువ్వుకుంటారు. లోపల కాఫీ తాగేవాళ్లు తమనే చూస్తున్నారని వాళ్లకు తెలియదు. దువ్వెన జేబులో పెట్టుకుని లోపలికి వచ్చి వాళ్లూ కాఫీ చెబుతారు. రోడ్డుకు కనబడేలా కూర్చుంటారు. బొమ్మల కొలువే.

జూన్ 5

సీజను జారిపోతోంది. కొండకు పోయేవాళ్లు తగ్గారు. పరవాలేదు, మనవాళ్లు ఉన్నారు కదా.

జూన్ 9, ఆదివారం

మనవాళ్లు ఉన్నారు. కాఫీకి ఉన్నారు.

మధ్యాహ్నం అరిటాకు వేయించుకుని భోజనానికి కూర్చునేవాడు కనబడడు. వస్తారు, టేబుల్ మీద వేలు రాసి చూస్తారు, ట్యూబ్‌లైట్ల వైపు తల ఎత్తుతారు. "రొంబ బాగుండాది పాపా." "బెంగుళూరు మాదిరి." "మన పోదనూరేనా ఇది?" ఇంత చెప్పి, "సాప్పాడు కట్టి ఇయ్యి, ఇంటికి తీసకపోతా." ఒకడికి ఇంట్లో ముసలమ్మ, ఒకడికి ఒంట్లో నలత, ఒకడికి అర్జంటు పని. పొగడ్తతో కడుపు నిండితే ఈ ఊళ్లో నా అంత బాగా బతికేవాళ్లు లేరు.

జూన్ 12

శీనన్నతో గొడవ. సాంబారు పలచబడిందన్నాను. నా పుట్టుకకు ముందు నుంచి ఇక్కడ వంట చేస్తున్న మనిషి. గరిటె కింద పెట్టి, "సాంబారు మారలే. గోడ మారింది" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుని ఇంకో రెండు మాటలు అన్నాను.

జూన్ 13

శీనన్న మాట్లాడటం లేదు. ఉప్పు అడిగితే గిన్నె తోస్తాడు.

జూన్ 16, ఆదివారం

ముందు ఆదివారం అంటే మిల్లు సూపర్వైజర్ల కుటుంబాలు, కాలనీ కుటుంబాలు... చెక్క అడ్డాల వెనక ఆడవాళ్ల నవ్వులు, పిల్లల ఏడుపు, వడ్డించేవాడికి ఊపిరి ఆడేది కాదు. ఇవాళ అద్దం పక్కన ఒకే ఒక్క మందుల కంపెనీ ఏజెంటు. వేరే ఊరి మనిషి. పేపరు చదువుతూ తీరిగ్గా తిన్నాడు.

నాయన ఖాళీ టేబుళ్ల మధ్య అటూ ఇటూ నడిచాడు. ఒక మాట అనేసినా బాగుండేది.

జూన్ 21

మామ వచ్చాడు. వెంట ఒక మనిషి, చేతిలో టేపు. హాలు పొడుగు, వెడల్పు కొలిచారు. తినేవాళ్లు ఉన్నప్పుడే కొలిచారు! అంటే కాఫీ తాగేవాళ్లు. "అద్దం తీసి షట్టర్ వేస్తే లారీ వెనక్కి పెట్టేకి అవుతాది" అంటున్నాడు, నాకు వినబడేలానే.

బేసిను దగ్గరకు పోయి ముఖం కడుక్కున్నాను. ఏడుపు కాదు, కోపం. రెండూ అనుకో.

జూన్ 30, ఆదివారం

రుక్మిణి అక్క వచ్చింది. మిల్లు సూపర్వైజరు భార్య, అమ్మకు స్నేహితురాలు. మనవణ్ణి తీసుకుని వచ్చింది. నేనే చేయి పట్టుకుని లాక్కుపోయి అద్దం పక్కన కూర్చోబెట్టాను, దగ్గరుండి ఆకు వేయించాను. అన్నం పెట్టారు, పప్పు, నెయ్యి. ముద్ద కలిపింది. కలిపి... రోడ్డు వైపు చూసింది. కొంగు లాగి బిడ్డ ఆకు మీద కప్పింది. అవతల జట్కావాడు ఒకడు బండికి ఆనుకుని ఇటే చూస్తున్నాడు.

చివరికి ఆకు ఎత్తుకుని, బిడ్డను చంకనేసుకుని, బేసిను పక్కన నడవాలోకి పోయి నేల మీద కూర్చుంది. నాకు తల కొట్టేసినట్టయింది. "ఏంటికక్కా, టేబుల్ బాగా లేదా?"

"టేబుల్ రొంబ బాగుండాది పాపా. రోడ్డు పొడుగునా కండ్లే కదా. బిడ్డకు దిష్టి తగలదా? ఆకలిగా నిలబడినోడి ముందర మనం ముద్ద ఎత్తితే, వాని కడుపు ఎట్ల కాల్తాది? కాఫీ అంటే సరి. అన్నం అట్ల తినేకి అవుతాదా?"

అందరూ ఇంతేనా అని అడిగాను. "మరి? నీకు తెలియదా?" అంది.

జూలై 1

నాకు తెలియదా! మా ఇంట్లో ఆకులు వేస్తే అవ్వ ముందు వాకిలి మూయించేది. బిచ్చానికి వచ్చినవాళ్లకు పెట్టి పంపాకే మూసేది. నేను పుట్టి పెరిగింది ఆ మూసిన తలుపు వెనకే. హాలు తెరిచిన రోజు నుంచి నేను అన్నం తింటున్నది ఎక్కడ? వంటింట్లో, పొయ్యి పక్కన, రోడ్డుకు వీపు పెట్టి. ఒక్క రోజు కూడా నా అద్దం పక్కన కూర్చుని తినలేదు. తినాలని తోచనే లేదు.

మద్రాసులో అద్దం చూశాను, అన్నం సంగతి మరిచిపోయాను. నన్ను నేను బాగా తిట్టుకున్నాను. తరువాత శీనన్న దగ్గరకు పోయి, "గోడే అన్నా. నువ్వు చెప్పిందే నిజం" అన్నాను. మధ్యాహ్నం నా ఆకులో అప్పడాలు ఎక్కువ పడ్డాయి.

జూలై 4

తెరలు. ముదురు నీలం మిల్లు గుడ్డ, కూర్చున్న మనిషి తల మునిగేంత ఎత్తు, ఇత్తడి కడ్డీకి రింగులు. నాయన చూసి: "అద్దం పెట్టి గుడ్డ కప్పేదేంటికి? అంతకు ముందర గోడ ఉండె కదా." న్యాయమే.

జూలై 7, ఆదివారం

తిట్లే తిట్లు. మిల్లు కుర్రాళ్లు: "సినిమా నడుస్తా ఉంటే టెంటు కొట్టాయి మూసేస్తిరే!" ఆరోక్యం అన్న తెర ఎత్తి తల దూర్చి, "రైలు పోతాందో లేదో చూసేది లేదా నేను?" అని రంకె. ఒక కాలేజీ పిల్ల, "పాత కాలానికే పోయినారు మళ్ల" అని స్నేహితురాలితో అంది. నేను వింటూనే చిల్లర ఇచ్చాను.

రామసామన్న మాత్రం చుట్టూ చూశాడు, తెర సరిగ్గా లాగాడు, కూర్చున్నాడు. ఆకు అడిగాడు. పెరుగు దాకా తిని, "ఇప్పుడు హోటల్ మాదిరి ఉండాది" అన్నాడు.

గుడి కన్నా ఇదే గొప్ప మాట.

జూలై 9

పద్ధతి పెట్టాను. భోజనాల వేళ తెర. టిఫిను, కాఫీ వేళ తెర తీసేయాలి. కుర్రాళ్లకు వాళ్ల సినిమా, అక్కలకు వాళ్ల అడ్డం.

జూలై 14, ఆదివారం

రుక్మిణి అక్క వచ్చింది, ఇంకో రెండు కుటుంబాలను వెంటేసుకుని. మనవడు టేబుల్ మీద పప్పు పూశాడు. తుడవొద్దని చెప్పాలనిపించింది.

జూలై 21, ఆదివారం

ఆకులు చాలలేదు. శీనన్న నా మీద అరిచాడు, ముందే ఎందుకు చెప్పలేదని. అరుపు వినడానికి ఇంత బాగుంటుందని తెలియదు.

జూలై 28, ఆదివారం

గుమ్మం దగ్గర జనం కాచుకుని నిలబడ్డారు. లోపల ఆడవాళ్లు, ట్యూబ్‌లైటు వెలుగులో ఒకరి చీర ఒకరు చూసుకుంటూ, పాత చీకటిలో ఎప్పుడూ కూర్చోనంత సేపు కూర్చున్నారు. లైట్లు నా పని. ఇది రాసుకోవాలి, ఎవరూ చెప్పరు కాబట్టి.

మామ వచ్చాడు. టేపు లేదు. కాచుకున్నాడు, కూర్చున్నాడు, తిన్నాడు. పాయసం మళ్లీ అడిగాడు. పోయేటప్పుడు గల్లాపెట్టె వైపు, గుమ్మం వైపు, మళ్లీ గల్లాపెట్టె వైపు చూశాడు.

ఆ చూపు నచ్చలేదు.

ఆగస్టు 5

నచ్చకపోవడానికి కారణం తెలిసింది. మామకు గోడౌన్ వద్దట ఇప్పుడు. హోటలే కావాలట. నడిచే హోటలు, ఉన్నది ఉన్నట్టు. ఆయన మనిషి ఒకడు గల్లా దగ్గర కూర్చుంటాడు. నాయన విశ్రాంతి తీసుకోవచ్చు. నేను "నిమ్మళంగా ఇంట్లో" ఉండవచ్చు.

ఖాళీగా ఉంటే గోడౌన్. నిండితే హోటల్. ఎటు తిప్పినా మామదే. నిండితే నీ చేతికే అన్న మాట ఏమైంది?

ఆగస్టు 8

నాయన తప్పించుకు తిరుగుతున్నాడు. కాఫీ ఇస్తే గ్లాసులోకే చూస్తాడు. "మీ అమ్మ తమ్ముడు కదా..." అన్నాడు. "అడిగినాక ఎట్ల..." అన్నాడు. ఏ మాటా పూర్తి చేయడు.

నేనే అడిగాను. "హాలు నిండిందా లేదా నాయనా?"

"నిండిందిమ్మా."

"మరి?"

బయటకు పోయాడు.

నాయన చెడ్డవాడు కాదు. ఎదుటి మనిషికి లేదు అని చెప్పలేడు, అంతే. ఆ బలహీనత మీదే నేను ఈ అద్దం పెట్టించాను. ఇప్పుడు మామ వంతు.

ఆగస్టు 11, ఆదివారం

జనం. శీనన్నకు విషయం చెప్పాను. "మీ మామ, ఆయప్ప కింద నేను చెయ్యను" అన్నాడు. అని, వెంటనే, "ఈ వయసులో ఏడికి పోతాను" అన్నాడు. రెండూ నిజమే.

ఆగస్టు 13

పొద్దున నాయన: "రేపు మామ ఇంటికి పోతాం. నువ్వూ రా. మాట్లాడి ముగించేద్దాం."

"హోటల్ ఎవరు చూస్తారు?"

"ఒక పూట మూసేద్దాం లే."

అమ్మ పోయినప్పుడు కూడా వంటింట్లో పొయ్యి ఆర్పలేదు ఈయన. రైలు దిగి వచ్చేవాళ్లు ఆకలితో పోకూడదని. ఆ మాట గుర్తు చేశాను. ముఖం తిప్పుకున్నాడు.

"నేను రాను నాయనా. హోటల్ తెరవాల. మామకు ఏం చెప్తావో నువ్వే చెప్పు. నాకు ఇచ్చిన మాట నీ నోటితోనే ఇచ్చినావు."

ఇంత గట్టిగా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన చెప్పులు వేసుకుని స్టేషన్ వైపు నడిచాడు, ఏ రైలూ లేని వేళలో.

ఆగస్టు 14, బుధవారం

నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే పీలమేడు పోయాడు. ఒక్కడే. పోతూ గుమ్మంలో ఆగి నా వైపు చూశాడు.

హోటల్ తెరిచాను.

మధ్యాహ్నం మద్రాసు పెద్దమనిషి ఒకడు, కళ్లజోడు, భార్య, పెట్టెలు. కూర్చోగానే తెర పక్కకు లాగాడు. వెనక టేబుల్ దగ్గర అన్నం తింటున్న ఆడవాళ్లు ఒక్కసారిగా తలలు వంచారు. నేను పోయి తెర మూశాను. ఆయన మళ్లీ తీశాడు. ఇంత మంచి అద్దం పెట్టి మూయడమేమిటని, ఇదేం హోటలని గొంతు పెంచాడు. భోజనాల వేళ తెర తీయమండి, మూడు దాటాక మీ ఇష్టం అన్నాను. వినలేదు. నీతో నాకేం మాట, ఓనరును పిలువు అన్నాడు.

హాలంతా చేతులు ఆపి చూస్తోంది. శీనన్న వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నేనే ఓనర్ని" అన్నాను.

ఆయన తెర తనే మూసుకున్నాడు. ఆకు వేయించాను.

సాయంత్రం సంగు కూసింది. నాయన ఇంకా రాలేదు.