అయిపోని తీసివేతలు

చిరంజీవి సౌభాగ్యవతి ఫెబాకు,

ప్రభువు నామమున నీ నాయన ప్రభుదాసు ఆశీర్వదించి వ్రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వు, అల్లుడు ప్రేమ్ సాగర్, చిన్నవాడు రూబెన్ సుఖంగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను.

పై వరుసలో తేదీ, స్థలం లేకపోవడం చూసి నవ్వుకుంటావు. అవి వేయని పిల్లలను బెంచీ మీద నిలబెట్టిన మనిషిని నేను. ఈసారి తెలిసే వదిలేశాను. ఈ ఉత్తరం నీకు ఏ రోజున అందుతుందో నా చేతిలో లేదు. ఎందుకో చదవగా తెలుస్తుంది.

ఫోను ఉండగా ఉత్తరాలెందుకని అల్లుడు అడిగాడన్నావు. ఫోనులో నేను రెండు మాటలు మాట్లాడేలోపల నీకు నా దగ్గు వినిపిస్తుంది. తరువాత మన సంభాషణంతా మందుల గురించే. కాగితం దగ్గదు.

అయినా అడిగావు కనుక చెబుతున్నాను, దగ్గు తగ్గింది. వంట నేనే చేసుకుంటున్నాను. నీ ఉత్తరంలో ‘విద్యార్ధి’ అని వ్రాశావు. ‘విద్యార్థి’ అని ఉండాలి. పిల్లలకు పాఠం చెప్పే చేయి అది, జాగ్రత్త. దిద్దిన మాటను ఒకసారి పైకి చదువు. మన తరగతి పద్ధతి నువ్వు మరిచిపోయి ఉండవు. తప్పును ఎంతమంది వింటే, దిద్దుబాటును కూడా అంతమంది వినాలి.

నంద్యాలకు వచ్చి మీతో ఉండమని మళ్ళీ వ్రాశావు. మీ అమ్మ పోయినప్పటి నుండి ప్రతి ఉత్తరంలోనూ ఆ వాక్యం ఉంటున్నది. ఈ అద్దె గదిలో నాకు లోటేమీ లేదు. కిటికీ తెరిస్తే ఎదురుగా సోమశేఖర్ శిల్పాల షెడ్డు. పగలంతా ఉలి చప్పుడు తోడుగా ఉంటుంది. పొద్దుగూకగానే అది ఆగిపోతుంది. ఆగిన తరువాత ఏం చేయాలన్నది మాత్రం నాకింకా చేతకాలేదు.

ఇక నీ ముఖ్యమైన ప్రశ్న. తోటివారిని దాటి ఆలోచించే పిల్లల కోసం మీ బడిలో ప్రత్యేకంగా తరగతి పెట్టారు కదా, అలాంటి పిల్లలను ఎలా గుర్తుపట్టాలని అడిగావు. మార్కులను చూసి మోసపోవద్దు. ముత్యాల్లాంటి దస్తూరి చూసి అసలే మోసపోవద్దు. మొదటి ర్యాంకు పిల్ల మనం అడిగింది ఇస్తుంది. నువ్వు వెతికే పిల్ల మనం అడగనిది ఇస్తుంది, అందుకని చాలాసార్లు దెబ్బలు తింటుంది. పని సగంలో ఆపి గోడ వైపు చూసేవాళ్ళను తిట్టే ముందు, ఎందుకు ఆపారో అడుగు. దొరికిన తరువాత, త్వరగా చేసిందని అవే లెక్కలు ఇంకో ఇరవై ఇవ్వకు. అది బహుమానం కాదు, శిక్ష. ఒక్క కఠినమైన లెక్క ఇచ్చి, తప్పు చేయనివ్వు. ఎప్పుడూ గెలిచే పిల్లకు ఓడిపోవడం నేర్పేది బడి ఒక్కటే.

ఇదంతా పుస్తకాలు చూసి వ్రాయలేదు. సోమశేఖర్ కూతురు జ్యోత్స్నను చూసి వ్రాశాను. మన వీధి బడిలో నాలుగో తరగతి. తల్లి లేదు. తండ్రి పని ముగించేదాకా సాయంత్రాలు నా గది మెట్ల మీద కూర్చునేది. ‘సార్ తాత’ అని నాకు పేరు పెట్టింది. నేను బొరుగులు తాలింపు వేసేవాణ్ణి, తినేది. పల్లీలు మాత్రం ఏరుకుని తినేది. ఎక్కాలు పదిసార్లు వ్రాయమంటే ఒక్కసారే వ్రాసి ఇస్తుందని, అడిగితే ‘మిగతా తొమ్మిదీ ఇట్లనే ఉంటాయి గదా’ అంటుందని, పొగరు పిల్ల అని బడిలో పేరు పడింది.

ప్రధానోపాధ్యాయురాలు రామేశ్వరమ్మ నన్ను పిలిపించి, మీ తరగతికి పంపదగిన పిల్లలున్నారేమో చూడమన్నది. నేను నాలుగో తరగతికి ఒకే పని ఇచ్చాను. జవాబు పన్నెండు వచ్చేలా మీరే లెక్కలు తయారు చేయండి అన్నాను. అందరూ పలకలు నింపారు. ఆరూ ఆరు, పదీ రెండు, మూడు నాలుగులు. జ్యోత్స్న పలక ఖాళీగా ఉంది. ఏమైందని అడిగాను.

“కూడికలైతే అయిపోతాయి సార్ తాతా. తీసివేతలు యాడికీ అయిపోవు. పదమూడులో ఒకటి, పద్నాలుగులో రెండు, పదహైదులో మూడు. నేను ముసలిదాన్నయినా రాస్తానే ఉండాల. ఈ పలక చాలదు.”

ఫెబా, నేను ఇంత కాలం పాఠాలు చెప్పాను. ఆ వయసు పిల్ల నోట అంతులేనితనం గురించి వినడం అదే మొదలు. బయటికి వచ్చి నిలబడ్డాను.

మరి మన ఆళ్లగడ్డ నుండి ఒక్క పేరూ రాలేదేమని నీ ఉత్తరం చివర అడిగావు. ఇంతసేపూ ఆ ప్రశ్నను తప్పించుకుంటూ వచ్చాను.

పేరు పంపితే పాప నంద్యాలలో మేనత్త ఇంట్లో ఉండి మీ బడిలో చదువుతుంది. మేనత్త ఎప్పుడో ఒప్పుకున్నది. ఆ రోజు ఇంటికి వచ్చి అలవాటు కొద్దీ నాకొకటి, పాపకొకటి, రెండు పళ్ళాలు తీశాను. ఇక ఒకటే చాలునన్న ఆలోచన వచ్చింది. ఆ తరువాత రామేశ్వరమ్మకు చీటీ వ్రాశాను: ‘ఈ సంవత్సరం ఆ స్థాయికి చేరిన విద్యార్థులు ఎవరూ లేరు.’ వాక్యంలో ఒక్క దోషం లేదు. ఒక్క నిజమూ లేదు. రామేశ్వరమ్మ నా మీది గౌరవంతో దాన్ని తరగతిలో నిలబడి అందరికీ చదివి వినిపించింది.

ఆ సాయంత్రం నుండి పాప మెట్లెక్కలేదు. ఎవరిని దగ్గర ఉంచుకోవాలని అబద్ధం వ్రాశానో ఆమెనే పోగొట్టుకున్నాను. సోమశేఖర్ దారిలో కనిపించి నన్నే ఓదార్చాడు.

“మా పాప ఆ బడికి చాలదంట గదా సారూ. పోనీలే. మీరు చూసి చెప్పినాక ఇంగేముంది.”

అది కూడా దిగమింగి ఊరుకునేవాణ్ణేమో. మొన్న ఆ తరగతి పంతులమ్మ సుకన్య ఎదురై, సంతోషంగా ఒక మాట చెప్పింది.

“జ్యోత్స్న దావకొచ్చింది సార్. ఇప్పుడు పదిసార్లంటే పదిసార్లూ రాస్తాంది. ఒక్క ప్రశ్న అడగదు.”

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. బిడ్డ పాడవుతున్నది. అది కూడా ఎంతో బుద్ధిగా, నేను వ్రాసిన వాక్యాన్ని నమ్మి పాడవుతున్నది.

మరునాడే రామేశ్వరమ్మ దగ్గరకు వెళ్ళి, నా అంచనా తప్పని చెప్పి పేరు వ్రాయించాను. శిల్పాల షెడ్డుకు వెళ్ళి, నేను పొరపాటు పడ్డాను, పాపను నంద్యాలకు తీసుకుపొమ్మన్నాను. సోమశేఖర్ ఉలి పక్కన పెట్టి నవ్వాడు. “మీరు పొరపాటు పడతారా సారూ? మా మీద దయతో చెప్తాండారు.” అంతటితో ఆగలేదు. “అదే రానంటాంది. నాకు రాదు, నేను పోనంటాంది.”

ఎందుకు వ్రాశానో అప్పుడే చెప్పవలసింది. పాపను పిలిపించాను కూడా. గుమ్మం బయటే నిలబడి నేల చూస్తున్నది. నోరు తెరిచి, అన్నం తిన్నావా అని అడిగాను. ఇంతకాలం పిల్లల ముందు నిలబడి మాట్లాడిన వాణ్ణి, అంతకు మించి ఒక్క మాట పెగల్చలేకపోయాను. చివరకు, నంద్యాలలో మా ఫెబాకు బడి దగ్గర ఒక ఉత్తరం చేతికి అందించాలి, తపాలా మీద నాకు నమ్మకం లేదు, నువ్వు ఇచ్చి వస్తావా అన్నాను. “ఇచ్చి వచ్చేస్తా” అన్నది. ఏ రోజు బయలుదేరుతుందో ఆమె ఇష్టం.

కనుక అమ్మా, ఈ కవరు నీ చేతికిచ్చిన పిల్లే జ్యోత్స్న. పక్కన నిలబడ్డవాడు సోమశేఖర్. ఇప్పటిదాకా నువ్వు మౌనంగా చదివి ఉంటావు. వాళ్ళను పంపేయకు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టు. మీ తరగతి పిల్లలను కూడా పిలువు. నా చీటీని నలుగురిలో చదివారు, ఇది కూడా నలుగురిలోనే వినిపించాలి. నా పరువు చూసి రెండు పళ్ళాల మాట దాటవేయవద్దు. పాపకు ఒక పెద్ద పలక ఇవ్వు. తరువాత ఈ ఉత్తరం మొదటి వరుసకు తిరిగి వెళ్ళి, గట్టిగా, పైకి చదువు.

ఇట్లు,
నీ నాయన,
ఆ పాపకు సార్ తాత