దుప్పట్ల వ్యాను మైలేజీ వ్యవహారం

చిరంజీవి చిట్టికి మావయ్య దీవించి రాసేది.

ఇక్కడ వ్యాను తప్ప అందరం కులాసా. పెట్రోలు ధర మళ్ళీ పెంచారు. నిన్ను కాక ఎవర్నడగను? మన ఇంట్లో ప్రభుత్వం అంటే నువ్వే కదా. ఇంధన శాఖ అని బోర్డున్న గేట్లోంచి రోజూ లోపలికి వెళ్ళేదానివి, పైవాళ్ళతో ఒక్కమాట అనలేవా? ఆసుపత్రి దుప్పట్లూ హోటలు దుప్పట్లూ ఉతికించి చేరవెయ్యడం నా పని. ధర పెరిగిందని రోగి మీద దుప్పటి సగం కప్పలేను కదా!

కొత్త వ్యాను కొంటే తాగుడు తగ్గుతుందనుకున్నా. ఇది పాతదాన్ని మించిన తాగుబోతు. అద్దం మీద మాత్రం మీ శాఖ ముద్రతో లీటరుకి ఇరవై కిలోమీటర్లని స్టిక్కరుంది. పన్నెండు దాటితే ఒట్టు.

ఇట్లు,
నీ మేలు కోరే మావయ్య

తా.క.: ఇది అత్తయ్య రాస్తున్నది. మా ఇంట్లో తాజాకలం నా వాటా. బంకులో ధర చూసి మీ మావయ్య బిగపట్టిన ఊపిరి ఇంటికొచ్చాక గానీ వదలడు. దారంతా మాట్లాడడు. నాకైతే ధర పెరగడం బాగానే ఉంది.

---

మావయ్యకు నమస్కారాలు.

ఉత్తరం ఆఫీసు అడ్రసుకి రాశావు. మా గుమాస్తా దాని మీద "ధరల పెంపు - ఫిర్యాదు" అని ముద్ర గుద్ది నా బల్ల మీద పెట్టాడు. ధర నేను పెంచలేదు మావయ్యా. ఏ బండి లీటరుకి ఎంత దూరం పోతుందో చూసే విభాగం మాది.

అలాగని తప్పించుకోను. నువ్వు పోయించుకునే ప్రతి లీటరులోనూ పన్ను ఉంది, అది ప్రభుత్వం వేసిందే. బయటి దేశాల్లో చమురు ధర పెరిగితే ఊరంతా వినబడేలా చెబుతాం. తగ్గినప్పుడు మాత్రం మా గొంతు పెగలదు.

ఈలోగా నీ చేతిలో ఉన్నది చెయ్యి. టైర్లలో గాలి సరిచూసుకో. ఆక్సిలరేటరు కింద కోడిగుడ్డు ఉందనుకుని తొక్కు. అనవసరమైన బరువు దించెయ్యి.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: నేను ఈ శాఖలో ఉన్నానని మీ వ్యాన్ల స్టాండులో ఎవరికీ చెప్పకు.

---

చిట్టికి దీవెనలు.

అన్నీ నువ్వు చెప్పినట్టే చేశా. కోడిగుడ్డు పద్ధతిలో నడిపితే నా వెనక బళ్ళు బారులు తీరాయి. అదేదో శవయాత్ర అనుకుని ఓ పెద్దాయన పక్కకి తప్పుకుని తలవంచుకుని నిలబడ్డాడు. ఆసుపత్రికి చేరేసరికి ఆపరేషను చెయ్యాల్సిన డాక్టరే గుమ్మంలో దుప్పట్ల కోసం ఎదురుచూస్తున్నాడు. బరువు దించమన్నావు. పాత ఇనప సామాను దించా. విరిగిన కుర్చీ దించా. ఇంకా ఏముందా అని చూస్తే పక్క సీట్లో మీ అత్తయ్య కనబడింది. మలుపు దగ్గర దించా. అప్పట్నించీ ఇంట్లో మాటల్లేవు.

ఇంత చేసినా పధ్నాలుగు దాటలేదు.

నీ సంగతి స్టాండులో చెప్పేశా. ఏం చెయ్యను, గర్వం ఆగలేదు. అక్కడందరివీ అదే కంపెనీ బళ్ళు, అదే స్టిక్కరు, అదే దాహం. "ముద్ర మీదే కదా, మీరు కొలిచారా?" అని తలో ఉత్తరం రాసి నీకు పంపుతున్నారు. ఓపిగ్గా చదువు తల్లీ.

ఇట్లు,
మావయ్య

తా.క.: మాటల్లేవు గానీ తాజాకలం ఉంది. ఒకటో తారీఖు నుంచి నువ్వు ధర తగ్గించబోతున్నావని మీ మావయ్య స్టాండులో చాటేశాడు. వాళ్ళు నీకు పెట్రోలమ్మ అని పేరు పెట్టారు. - అత్తయ్య

---

మావయ్యకు నమస్కారాలు.

ఉత్తరాలు గోనెసంచిలో వచ్చాయి. అన్నిటి మీదా "పెట్రోలమ్మ గారికి" అనే ఉంది. ప్రభుత్వం జీతం తింటూ ప్రభుత్వం మీదే ఉద్యమం లేవదీశానని డైరెక్టరు గారు సంజాయిషీ అడిగారు.

కానీ "మీరు కొలిచారా?" అన్న మాట మేకులా దిగింది. ఆరా తీశాను. మేం కొలవలేదు మావయ్యా. కంపెనీవాళ్ళే కొలుచుకున్నారు, మేం ముద్ర వేశాం. అదీ గదిలో, బండి కదలకుండా చక్రాలు మాత్రం తిరిగే రోలర్ల మీద. ఎదురుగాలి లేదు, గుంట లేదు, సరుకు లేదు. కుక్క అడ్డం రాదు, పక్కన అత్తయ్య ఉండదు. అలాంటి రోడ్డు స్వర్గంలోనైనా ఉంటుందో లేదో.

రోడ్డు మీద మనమే కొలుద్దామని రాసిచ్చాను. "ఎవరడిగారు?" అన్నారు డైరెక్టరు గారు. గోనెసంచి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. ఒక్కో ఉత్తరమే చదివారు. బుధవారం విచారణ సంఘం ముందుకి రమ్మని కాగితం వచ్చింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. అమ్మ గాభరా పడుతోంది.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: నువ్వు మాత్రం రావద్దు. స్టాండువాళ్ళని అసలే తీసుకురావద్దు.

---

చిట్టికి దీవెనలు.

కోప్పడకు. నీ ఉత్తరంలో తాజాకలం నేను చదవలేదు, అది మీ అత్తయ్య వాటా. ఆవిడ అలక మీద ఉండి, మీ ఆఫీసు గేటు దగ్గరికి వచ్చాక తీరిగ్గా చదివి వినిపించింది. అప్పటికే నా వెనక స్టాండు మొత్తం ఉంది. మీ గుమాస్తా మమ్మల్ని సాక్షులనుకుని లోపలికి పంపేశాడు. వెనక బెంచీ మీంచి అంతా విన్నా.

"ధర తగ్గుతుందని జనంలో చెప్పించింది మీరే కదా?" అని ఆ సంఘం పెద్దావిడ గద్దించినప్పుడు నా మీదకి తోసెయ్యొచ్చు. తొయ్యలేదు. "తగ్గించే అధికారం నాకు లేదండీ. పన్ను వేసేది మనం, జవాబు చెప్పాల్సిందీ మనమే. అంత పోసి కొన్న చుక్క ఎంత దూరం తీసుకెళ్తుందో, అదైనా నిజం చెప్పాలి కదండీ" అన్నావు. ఒక్క మాటా తడబడలేదు. నేను భుజాన ఎక్కించుకుని తిప్పిన పిల్లేనా ఇది అనిపించింది.

"ఈ ముద్ర వేసిందెవరు?" అని ఆవిడ అడిగితే మీ డైరెక్టరు లేచి, "నేనే. ఈ అమ్మాయి అడిగేదాకా నాకు సిగ్గు వెయ్యలేదు" అన్నాడు. పొద్దుట్నించీ ఆయన్ని తిట్టుకుంటూ కూర్చున్నవాణ్ణి, చెయ్యెత్తి దణ్ణం పెట్టా. బయటికొచ్చాక స్టాండువాళ్ళెవరూ ధర ఊసెత్తలేదు. "లోపల అలా అడిగే మనిషి ఒకరున్నారు, అది చాలు" అన్నారు.

తీర్పేమైందో వెంటనే రాయి. వ్యాను వెనక్కి తీస్తూ మీ గేటు స్తంభాన్ని కాస్త రాసుకున్నా. ఏమీ అనుకోవద్దని చెప్పు.

ఇట్లు,
గర్వంతో మావయ్య

తా.క.: కాస్త కాదు. అక్కడిప్పుడు స్తంభం లేదు. - అత్తయ్య

---

మావయ్యకు నమస్కారాలు.

కూర్చుని చదువు. తీర్పు వచ్చింది. ఇకపై ఏ బండి మైలేజీ అయినా రోడ్డు మీద, సరుకుతో, మేమే కొలిచి స్టిక్కరు వెయ్యాలి. మీ బళ్ళ కంపెనీ పాత అంకె తీసేసి నిజం వెయ్యాలి. లీటరులో పన్నెంతో ప్రతి బంకులోనూ బోర్డు కట్టమని సంఘం సిఫారసు చేసింది. ధర మాత్రం తగ్గలేదు. ఆ విషయంలో పెట్రోలమ్మ ఓడిపోయిందని స్టాండులో చెప్పు. నా ఉద్యోగం ఊడలేదు సరికదా, రోడ్డు పరీక్షలన్నీ నాకే అప్పగించారు.

అసలు సంగతి ఇది. పరీక్షలకి డ్రైవరు కావాలి. మా దగ్గరున్న వాళ్ళంతా శిక్షణ పొందినవాళ్ళు, మరీ బాగా నడుపుతారు. "అలా కాదు, మామూలు జనంలా నడిపేవాడు కావాలి. ఉన్నట్టుండి బ్రేకు తొక్కాలి, గేరు మార్చడం మర్చిపోవాలి, ఊరికే హారను కొట్టాలి. అలాంటివాడు ఎక్కడ దొరుకుతాడు?" అని ఆ బుధవారం మీరు బయటికెళ్ళాక పెద్దావిడ అంటూండగానే బయట ధడేల్మని చప్పుడైంది. సంఘం మొత్తం లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

తీర్మానం ఏకగ్రీవం. ఆయన మా మావయ్య, వద్దండీ అని ఎంత మొత్తుకున్నా వినలేదు. "ఇలాంటివాడు మళ్ళీ దొరకడమ్మా" అన్నారు. నియామక పత్రం దీంతో పంపుతున్నాను. సోమవారం పొద్దున్నే రా.

ఇట్లు,
నీ మేనకోడలు, ఇప్పుడు నీ పై అధికారి

తా.క.: డైరెక్టరు గారు తన సొంత కారు అమ్ముతున్నారు. చుక్క పెట్రోలు తాగదని, నీకైతే తక్కువలో ఇస్తానని చెప్పమన్నారు. దాని స్టిక్కరు మీద ముద్ర కూడా ఆయనదే. కొనకు.