వాగు అవతలి పేర్లు

1966 అక్టోబర్ 4, మంగళవారం

తహసీల్ కచేరి నుంచి కాగితం. ఓటర్ల పేర్లు రాసే డ్యూటీ. మా బడి నుంచి నేనొక్కదాన్నే. మూణ్నెల్ల పరీక్షల పేపర్లు ఇంకా దిద్దనే లేదు, కట్ట విప్పలేదు. "సర్కారు పని కరుణా, కాదంటే నడువది" అని పెద్ద టీచరమ్మ కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆమెకేం.

అక్టోబర్ 7

కచేరిలో మీటింగ్. రెవెన్యూ గిర్దావర్ గోడకు మ్యాప్ తగిలించి రూళ్లకర్రతో చూపించాడు. ఎన్నికల సీట్ల హద్దులు మారాయి. వాగు అవతలి పల్లెలు ఈసారి మనతో లేవు, పక్క సీటులో కలిపారు. మ్యాపు మీద ఎర్ర సిరా గీత వాగు వెంబడే పోయింది. అందుకని అవతలి పల్లెలకు పాత జాబితా చెల్లదు, ఇంటింటికీ పోయి కొత్తగా రాయాలి. రేగోడ్ మాస్టర్ లేచి అడిగాడు — "ఢిల్లీ ఓటుకొక లిస్టు, హైదరాబాద్ ఓటుకొక లిస్టా సార్?" "లిస్టొకటే. చీటీలు రెండు" అన్నాడు గిర్దావర్.

అవతలి పల్లెల్లో నాకు పడింది రాళ్లమడుగు, ఊరి బయటి హరిజనవాడ.

నాయన పల్లె అది. పుట్టిన ఊరు కాదు, నడిచిన ఊరు. చర్చి ఉపదేశిగా, దేవుని మాట చెబుతూ, ఇరవై ఏళ్లకు పైగా, ప్రతి బుధవారం, భుజాన సంచీతో. నాయన పోయినా ఆ పేరు వింటే ఆయనే కళ్ల ముందుకొస్తాడు. ఏడుపుకు వేళ కాదని ఊరుకున్నాను.

అక్టోబర్ 15

పేపర్లు దిద్దడమే అవలేదు. ఇరవై నాటికి ఫారాలు ఇవ్వాలి.

అక్టోబర్ 17

పెట్టె అడుగున నాయన నోటుబుక్కు దొరికింది. రాళ్లమడుగు క్రైస్తవ కుటుంబాలు, అంటే వాడంతా — ఇంటి వరుసన, భర్త, భార్య, పిల్లలు, వయసులు. బాప్తిస్మం ఇచ్చింది మిషన్ దొరగారు. పేర్లు పెట్టింది మాత్రం నాయనే. దేవదాసు, శాంతమ్మ, ఆశీర్వాదం, కృపమ్మ... నల్ల సిరా, నిలువు అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. కచేరి వాళ్లిచ్చిన ఫారం ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది.

ఇంక ఇల్లిల్లూ తిరగడమెందుకు? చనిపోయినవాళ్లెవరో, పెళ్లయి వెళ్లినవాళ్లెవరో నాకు తెలుసు. ఆదివారం ఆదివారం చర్చిలో చూస్తున్నవాళ్లే కదా.

అక్టోబర్ 19

రెండు సాయంత్రాలు కూచుని రాశాను. నాయన అక్షరాల పక్కన నా అక్షరాలు పెట్టి చూసుకున్నాను. అచ్చం ఆయన చేతే. అంత సంతోషం ఈ మధ్య ఎరగను.

అక్టోబర్ 20

గిర్దావర్ ఫారాలు తిప్పి చూసి — "మస్తు సాఫ్ రాసిన్రు టీచరమ్మా. గీ మాస్టర్లకు జూపియ్యాలె." మాస్టర్లందరి ముందూ. ఇంటికొచ్చేదాకా ముఖంలో నవ్వు దాచుకోలేకపోయాను.

నవంబర్ 27, ఆదివారం

ముసాయిదా జాబితా రాళ్లమడుగు చావడి గోడకు అంటించారట. ప్రార్థన అయ్యాక ఆశీర్వాదం చెప్పాడు — "మా పేర్లన్ని చర్చి పేర్లే పడ్డయి టీచరమ్మా. ఊర్లె నన్నెవడన్న ఆశీర్వాదం అంటడా? మల్లిగానివే అంటరు." నవ్వుతూనే అన్నాడు. ఓటు నాటికి ఎవరి పేరు వాళ్లు నేర్చుకుంటామన్నారు. నేనూ నవ్వాను.

ఆ వాడ పోశవ్వ మాత్రం నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్ల దగ్గరే నిలబడింది. ఏమైందవ్వా అంటే — "మల్ల జెప్త బిడ్డా" అని వెళ్లిపోయింది.

నవంబర్ 30

పోశవ్వ బడికే వచ్చింది. మూడు కోసులు నడిచి. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ఆమెకు సర్కారు వాళ్లిచ్చిన ఎకరన్నర ఉంది. మొగుడు పోయిన ఏడు, హరిజనులకని పంచినప్పుడు, లావణి పట్టా. పట్టాలో పేరు పోశవ్వ. భూమి పటేల్ బావి పక్కనే ఉంది. పటేల్‌కు అప్పటి నుంచీ దాని మీదే కన్ను.

జాబితాలో పోశవ్వ లేదు. కృపమ్మ ఉంది, నాయన ఆమెకు పెట్టిన చర్చి పేరు.

పటేల్ చావడి దగ్గర పదిమందిలో చదివించాడట. "పోశవ్వ అనే మనిషే లేదు రాళ్లమడుగుల. సర్కారే రాసిచ్చింది. ఇగ పట్టా ఎవలది?" కృపమ్మనూ నేనే, పోశవ్వనూ నేనే అందామంటే — కిరస్తానం పుచ్చుకున్నవాళ్లకు హరిజనులకని ఇచ్చిన ఆ భూమి చెల్లదు. ఆ సంగతి పటేల్‌కు బాగా తెలుసు. ఆమె చర్చికి వస్తుందనీ తెలుసు. ఊరంతటికీ తెలుసు. కాగితం మీద లేకపోవడమే ఇన్నాళ్లూ ఆమెను కాపాడింది. ఆ కాగితం నేను రాసిచ్చాను.

"గా పేరు దేవునికిచ్చిన బిడ్డా. సర్కారుకెందుకిచ్చినవ్?"

తిట్టలేదు. అడిగింది, అంతే. తిట్టినా బాగుండేది.

డిసెంబర్ 1

బడి అయ్యాక రాళ్లమడుగు వెళ్లాను. రెండు నెలలు ఆలస్యంగా. వాగులో నీళ్లు కూడా లేవు, అడ్డమని చెప్పుకోవడానికి. పాదాలు తడవకుండా దాటాను. ఇల్లిల్లూ తిరిగి ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగాను. మల్లయ్య, సాయవ్వ, ఎల్లయ్య, బాలవ్వ. చిన్నప్పుడు నాయన వెంట వచ్చినప్పుడు వీళ్లందరినీ ఈ పేర్లతోనే పిలిచేదాన్ని. ఎలా మరిచిపోయాను?

నాయన నోటుబుక్కులో పాత పేర్లు ఒక్కటీ లేవు. ఆయన దృష్టిలో అవి వదిలేసిన బట్టలు. కానీ వీళ్లు వదల్లేదు. రెండూ కట్టుకుంటున్నారు, ఎక్కడిది అక్కడ.

పోశవ్వ చేనులో జొన్న. ఈ కరువులో మోకాలెత్తు లేచింది. ఎన్ని కడవలు మోసిందో. ఇది పోతే ఎట్లా బతుకుతావవ్వా అని నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అడగడానికి నాకేం ముఖముంది?

డిసెంబర్ 5

సవరణకు దరఖాస్తు పెట్టాం. పోశవ్వ వేలిముద్ర, నా సంతకం.

డిసెంబర్ 6

గిర్దావర్ పిలిపించాడు. "ఒక్క పేరే గదా, మారుద్దం. కాని జర సమజ్ చెయ్యుండ్రి — కృపమ్మ అని యాడికెల్లి రాసిన్రు? పటేల్ అబ్జెక్షన్ ఏసిండు. ఇద్దరొక్కలే, మతం మారింది అంటుండు." వాయిదా పదహారున. నన్ను వచ్చి చెప్పమన్నాడు.

నిజం చెబితే నోటుబుక్కు చూపించాలి. నోటుబుక్కు చూపిస్తే భూమి పోతుంది.

డిసెంబర్ 9

అన్నం సయించడం లేదు.

డిసెంబర్ 11, ఆదివారం

చర్చి అయ్యగారితో చెప్పుకున్నాను. ప్రార్థన అయ్యాక ఆఫీసు గదిలో, అంతా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అబద్ధమాడమని నేనెట్ల జెప్తనమ్మా? నిజం జెప్పి ఆమె నోటికాడి కూడు తియ్యమని గూడ చెప్పలేను. మీ నాయన ఉంటే ఏం జేసెటోడో."

అదే నేనూ అనుకుంటున్నాను. నాయన అయితే అసలు ఇల్లిల్లూ తిరిగేవాడు.

డిసెంబర్ 16

కచేరి. పొద్దున పది నుంచి వరండాలో. పోశవ్వ నేల మీద కూచుంది, నేను బెంచీ మీద. దిగి పక్కన కూచుందామనుకున్నాను. కూచోలేదు — చూసేవాళ్లు ఏమనుకుంటారోనని. ఇది కూడా రాసుకోవాలి.

రెండున్నరకు పిలిచారు. తహసీల్దార్ బల్ల ముందు పటేల్, అతని లెక్కలు రాసే మున్షీ. బల్ల మీద నేను రాసిన జాబితా.

"కృపమ్మ ఎవరు టీచరమ్మా?"

"ఎవరూ లేరు సార్."

"మరి రాసిన్రు గదా."

"ఇళ్లకు పోలేదు. తెలిసీ తెలియక రాశాను. తప్పు నాది."

"గా మనిషి గీ మనిషి ఒక్కటి కాదా?"

పోశవ్వ నా పక్కనే ఉంది. ఆమె ఊపిరి వినిపిస్తోంది. నేను ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు చెరువులో మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, దొరగారు తల మీద చెయ్యి పెడితే వణుకుతూ నవ్విన మనిషి. గట్టు మీద టవలు పట్టుకుని నిలబడింది నేనే.

"కాదు సార్. కృపమ్మ అనే మనిషి నాకు తెలియదు."

తహసీల్దార్ ఎర్ర పెన్సిల్‌తో గీత కొట్టాడు. నాకు మెమో. పోశవ్వ పేరు అనుబంధం జాబితాలో వస్తుంది, విచారణలో ఇంకేమీ తేలకపోతే. పటేల్ లేస్తూ అన్నాడు — "కాగితం లేకుంటె ఏమాయె సార్. ఇద్దరు సాక్షులను తెస్త."

బయట పోశవ్వ నా రెండు చేతులూ పట్టుకుంది. నాకు ఆ చేతులు విడిపించుకుని పారిపోవాలనిపించింది.

డిసెంబర్ 18, ఆదివారం

తలనొప్పి అని చెప్పి చర్చిలో పిల్లల ఆదివారం బడికి పోలేదు. తలనొప్పి లేదు.

డిసెంబర్ 25

పండుగ. తూప్రాన్ నుంచి కూడా బస్సుల్లో జనం. పోశవ్వ వచ్చింది, వెనక వరుసలో కూచుంది. ఎప్పుడూ ముందుకొచ్చి కూచునే మనిషి.

1967 జనవరి 8

మెమోకు జవాబు రాశాను. "నిర్లక్ష్యము వలన జరిగిన పొరపాటు." ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు.

జనవరి 19

ఊళ్లో జీపులు, మైకులు. మా బడి గోడ మీద కూడా గుర్తులు వేసిపోయారు. పిల్లలు పాఠం మాని మైకు మాటలు అప్పజెబుతున్నారు. అనుబంధం జాబితా రాలేదు. కచేరికి పోతే — "అస్తది, అస్తది. పరేషాన్ గాకుండ్రి."

జనవరి 27

కోతల పండుగ వచ్చే ఆదివారం తర్వాతి ఆదివారం. చర్చి రిజిస్టర్‌లో నుంచి పేరు పేరునా పిలుస్తారు, పిలిచినవాళ్లు తొలి పంట తెచ్చి పీఠం ముందు పెడతారు. ఆశీర్వాదం చెప్పాడు — పోశవ్వ జొన్న కోసిందట. ఆ చేనులో ఈమధ్య పటేల్ మున్షీ తిరుగుతున్నాడట. "సుట్టం లెక్క పలకరించి పోతుండు టీచరమ్మా."

జనవరి 29, ఆదివారం

అయ్యగారిని అడిగాను. పండుగ నాడు కృపమ్మ అన్న ఆ ఒక్క పేరు పిలవొద్దని, పటేల్ సాక్షులు వింటారని. ఆయన ముఖం నల్లబడింది. "కచేరిల కొట్టేసిన్రు. ఇక్కడ గూడ కొట్టెయ్యమంటవా కరుణా?" నేను ఏడ్చాను. ఆయన సరే అనలేదు, కాదనలేదు.

ఫిబ్రవరి 3

అనుబంధం జాబితా రాలేదు. పోలింగ్ దగ్గరికొచ్చింది. నాకు డ్యూటీ వేయలేదు, మెమో ఉంది కదా.

ఫిబ్రవరి 5, ఆదివారం

కోతల పండుగ. ఈ కరువు ఏడు బుట్టలు తక్కువే. అయినా గుమ్మడికాయలు, రెండు కోళ్లు, పెసలు, ఒకామె గుడ్డలో మూటగట్టిన గుడ్లు. పాట మధ్యలో వెనక్కి తిరిగి చూశాను — తలుపు దగ్గర పటేల్ మున్షీ. పక్కన ఇంకో మనిషి. చర్చి చూడ్డానికి ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, రంగుల అద్దాల కేసి తలలెత్తుకుని. ఎవరూ ఆపరు. ఆ ఇద్దరూ అద్దాల కేసి చూడ్డం లేదు.

అయ్యగారికి వాళ్లు కనపడలేదు. దూరపు చూపు ఆనదు. చెప్పి పంపుదామంటే జనం మధ్య గోడకానుకుని ఇరుక్కుపోయి ఉన్నాను. రాళ్లమడుగు వంతు వచ్చింది. దేవదాసు. శాంతమ్మ. ఆశీర్వాదం.

"కృపమ్మా."

పోశవ్వ ఒళ్లో బుట్ట. జొన్నలు, పైన తెల్ల గుడ్డ. సగం లేచింది. అలవాటు. అంతలో నా వైపు చూసింది. లేవనా వద్దా అని.

నేను తల అడ్డంగా ఊపాను.

కూచుంది. అయ్యగారు మరోసారి పిలిచారు. ఆయన రిజిస్టర్ మీద వేలు పెట్టి ఉంచి, కిందికి జరిపారు. తర్వాతి పేరు.

ప్రార్థన ముగిసింది. మున్షీ వెళ్లిపోయాడు. జనం మధ్యలో పోశవ్వ నా దగ్గరికొచ్చి బుట్ట నా చేతుల్లో పెట్టింది.

"నువ్వే ఇయ్యి బిడ్డా. నీ పేరు మీద."

వద్దవ్వా అనేలోపు మెట్లు దిగుతోంది. వెనక్కి చూడలేదు.

ఫిబ్రవరి 7

అనుబంధం జాబితా రాలేదు.

బుట్ట నా బల్ల మీదే ఉంది. గుడ్డ తీసి చూశాను. జొన్నలు శుభ్రంగా చెరిగి ఉన్నాయి, ఒక్క పొట్టు రేకు లేదు. అయ్యగారి దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్లి వెనక్కి తెచ్చాను. పుస్తకంలో రాయడానికి పేరు అడుగుతారు. ఏ పేరు చెప్పాలి...