స్టెప్నీ లేని కారు

పెగడపల్లి మండలం,
14 అక్టోబరు 2011.

నా చిన్న బిడ్డ దీవెనకు,

మీ బాపు ప్రభువు పేరు తలుచుకొని, నిన్ను దీవించి రాస్తున్న. ఇక్కడ అందరం బాగనే ఉన్నమని రాయాలె. ఉత్తరమంటే ముందుగాల గదే రాస్తరు కాబట్టి రాసిన. నువ్వు గుంటూరుల కడుపు నిండ తింటున్నవని, పానం మంచిగుందని అనుకుంటున్న.

నువ్వు దసరాకు ముందు రాసిన ఉత్తరం నాకు మొన్న అందింది. మీ హాస్టల్ల సిస్టరమ్మలు ఫోన్లు పట్టనియ్యరని, తల్లి పానం గదా, మీ అవ్వ ఎప్పుడు గులుగుతది. ఇయ్యాల మాత్రం నాకు గదే మంచిదనిపించింది. గీ ముచ్చట ఫోన్ల చెప్పుడు నాతోని కాదు.

మీ అవ్వ మోకాళ్ల గురించి అడిగినవు. పొద్దందాక కూసుండి బీడీలు చేసేదానికి మోకాళ్లు ఎట్ల ఉంటయి? నువ్వు రాసిన గోలీలు జగిత్యాలల దొరికినయి. ఏసుకుంటుంది. నీ తోటి నర్సింగ్ పిల్లలు "మా మీద మీ తెలంగాణోళ్లకెందుకంత కోపం" అని అడుగుతున్నరంట. వాళ్ల మీద మనకేం కోపం లేదని చెప్పు బిడ్డా. వాళ్లు నీ పక్క మంచం మీద పండుకునే పిల్లలు, నీకు జరమొస్తె నీళ్లిచ్చే పిల్లలు. మనది మనకు కావాలంటున్నం, గంతే. నాకున్న కోపమంత జగిత్యాలలనే ఉన్నది.

"బాపూ, గా పెద్ద కారు ఇంక నడుపుతున్నవా, నేనొచ్చినప్పుడు ఒక్కసారి ఎక్కిస్తవా" అని రాసినవు. నడుపుతలేను. తాళంచెవి విఠల్ రావు సారు ముంగట పెట్టి వచ్చిన. ఎందుకు పెట్టిన్నో మొత్తం రాస్త. అక్క గురించి సుత అడిగినవు. గది సుత దీంట్లనే ఉన్నది, జర ఓపిక పట్టు.

గా కారు సారు హైదరాబాద్ల సెకండ్ హ్యాండ్ కొన్నడు. జర్మనీ కారు. దానికి రన్‌ఫ్లాట్ టైర్లు. అంటే గాలి పోయినా నడిచే టైర్లు. పక్కలు గోడ లెక్క గట్టిగుంటయి. గట్టిగున్నయి కాబట్టి కంపెనీవాళ్లు డిక్కీల స్టెప్నీ ఇయ్యలే, జాకీ సుత ఇయ్యలే. ఇంటికి ఎవలొచ్చినా సారు టైరును బూటుతోని తన్ని చూపెట్టేది: "గాలి మొత్తం పోయినా ఎనభై కిలోమీటర్లు ఉరుకుతది." వాళ్లు నోళ్లు తెరిచేది. నేను సుత మొదాల తెరిచిన, అబద్ధమెందుకు.

వానకాలం మొదలైనంక తెలిసింది దాని సంగతి. సిరిసిల్లల పెండ్లికి పోయి వస్తుంటే వేములవాడ దాటినంక ముంగటి ఎడమ టైరు గుంతల పడ్డది. మామూలు టైరైతె ఒత్తుకొని లేస్తది. ఇది ఒత్తుకోలే, దెబ్బ మొత్తం రిమ్ముకు తాకింది. తెల్లారి టైరు పక్కకు కోడిగుడ్డంత బుడిపె లేచింది. జగిత్యాలల టైర్ల దుకాణం శ్రీశైలంకు చూపెట్టిన. ఆయన చెయ్యేసి చూసి, "దుర్గన్నా, లోపల దారం తెగింది. ఇగ ఇది ఎప్పుడు చీరుతదో ఎవలు చెప్పలేరు. పక్క గోడ చీరితె ఎనభై కాదు, ఎనిమిది అడుగులు సుత పోదు. మన రోడ్లకు గిట్లాంటివి పనికి రావు. నాలుగు మామూలు టైర్లు ఎక్కియ్యి, ఒక స్టెప్నీ డిక్కీల ఏసుకో" అన్నడు. గదే సైజు టైర్లు ఆయన దగ్గర ఉన్నయి సుత.

నేను సారుకు చెప్పిన. ఒక్కసారి కాదు, రెండు నెలలు చెప్పిన. ఒకనాడు దండం పెట్టి చెప్పిన. "కారు ఇజ్జత్ తీస్తవారా? నీకు కండ్లు మంచిగుంటె గుంతలెందుకు పడ్తవు?" అన్నడు. పదిమంది ముంగట అన్నడు. కోరుట్ల నుంచి వచ్చిన వాళ్ల బామ్మర్ది నవ్విండు. నేను తల వంచుకున్న. ఆ రోజు వంచిన తల మీద నాకు ఇయ్యాల కోపమొస్తుంది.

ఇగ తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు బందైనయి. జగిత్యాలల సమ్మె టెంటు కాడ కార్లు ఆపుతున్నరని, అద్దాలు పలుగుతయని సారుకు భయం. హైదరాబాద్ పోతూ పోతూ, "కారు మీ ఊర్లనే పెట్టుకో దుర్గయ్యా" అన్నడు. గట్ల అది వారం రోజులు మన ఇంటి ముంగట ఉన్నది. మీ అక్క కాన్పుకు వచ్చి ఉన్నది గదా, పొద్దున లేచి దాని అద్దంల మొకం చూసుకొని నవ్వేది.

దసరాకు ముందు మంగళవారం పొద్దున ఎనిమిదింటికి దానికి నొప్పులు మొదలైనయి. 108కు ఫోన్ చేస్తె బండి ఇంకో ఊర్లె కాన్పుకు పోయింది, గంట పడ్తదన్నరు. నేను సారుకు ఫోన్ చేసిన. "తీస్కపో, గిదేం అడుగుడు" అన్నడు. ఆయన కాదనలే. కోపంల ఉన్న గాని నీకు అబద్ధం రాయ.

మీ అవ్వ, అక్క ఎన్క కూసున్నరు. మన ఊరి నుంచి పెద్ద రోడ్డు దాక ఏడు కిలోమీటర్లు. గా రోడ్డు ఎట్లున్నదో నువ్వు చూసినవు. రెండేండ్లు కాలే ఏసి, చెరువు అడుగు లెక్క అయ్యింది. మీ అక్క "బాపూ, మెల్లగ" అంటుంది. మీ అవ్వ "జల్ది పోనియ్యి" అంటుంది. నేను మీ అవ్వ మాట విన్న. మక్క చేన్ల కాడ మోరీ దాటంగనే నీళ్లు నిండిన గుంత ఉన్నది. లోతు కనపడలే. టప్పుమని చప్పుడైంది. స్టీరింగు చేతుల నుంచి గుంజుకపోయింది. దిగి చూస్తె బుడిపె ఉన్న కాడి నుంచి టైరు జానెడు చీరింది, రిమ్ము పలిగింది. మొండిగ నడిపిచ్చిన. పది గజాలు పోయి అడ్డం తిరిగి నిలవడ్డది. డిక్కీ తెరిచిన. అండ్ల ఏం లేదని నాకు తెల్సు. అయినా తెరిచిన.

చేన్ల పని చేస్తున్న గౌరవ్వ, ఇంకో ముగ్గురు ఆడోళ్లు ఉరికొచ్చిండ్రు. కారు చుట్టు చీరెలు అడ్డం పట్టిండ్రు. నన్ను దూరం పొమ్మన్నరు. నేను రోడ్డు మీద నిలవడి వచ్చే బండి కోసం చూసిన. నలభై నిమిషాలకు ఒక ట్రాక్టరు వచ్చింది. అప్పటికే కాన్పైంది. ఆడపిల్ల. ఏడ్వలే. గౌరవ్వ కాళ్లు పట్టి తలకిందులు చేసి ఈపు మీద కొట్టింది, నోట్ల నోరు పెట్టి ఊదింది. మీ అక్కను, ఆ పసిగుడ్డును ట్రాక్టరు ట్రాలీల పండవెట్టి జగిత్యాల తీస్కపోయినం. డాక్టరమ్మ చూసి, "పేగు మెడకు చుట్టుకున్నది, అరగంట ముందైతె బతికేది" అన్నది.

అరగంట, దీవెనా.

పేరు ఏం అనుకున్నరని నువ్వు అడిగినవు. అనుకోలే బిడ్డా. మీ అక్క పానం నిలవడ్డది. ఇంట్లనే ఉన్నది. మీ బావ ఏసుబాబు కోరుట్లల మేస్త్రి పని ఇడిసిపెట్టి వచ్చి దాని దగ్గర్నే ఉంటున్నడు.

పిల్లను మట్టిల పెట్టిన మూడో రోజు సారు ఫోన్ చేసిండు. ముందుగాల "అయ్యో" అన్నడు. తర్వాత, "కారు రోడ్డు మీద ఉన్నదట గదా, ఎట్ల మరి? నాకు సిరిసిల్లల మీటింగుంది" అన్నడు. గట్లాంటి టైరు హైదరాబాద్ నుంచి రావాలె, సమ్మెల రాదు అన్న. "అయితె ఏదో ఒకటి ఎక్కియ్యి, మామూలుయి ఎక్కియ్యి" అన్నడు. ఒక్క మాట. రెండు నెలలు దండం పెడితె రాని మాట, మీటింగుందంటే వచ్చింది.

శ్రీశైలం ఆటోల టైర్లు, రెండు పాత రిమ్ములు ఏసుకొని వచ్చిండు. ఇద్దరం కలిసి నాలుగు మార్చినం. స్టెప్నీ డిక్కీల పెట్టినం. మొత్తం గంటన్నర పట్టింది. గంటన్నర పనికి నా మనుమరాలు పోయింది. శ్రీశైలం నా మొకం దిక్కు చూడలే. నేను చిరిగిన టైరును సుత డిక్కీలనే ఏసుకున్న.

కారు అప్పజెప్పుదామని పోతె, అద్దాలు పలుగుతయని భయపడ్డ సారే జగిత్యాలల టెంటు కాడ మైకు పట్టుకొని ఉన్నడు. మెడల కండువా. "అన్నలారా, మన రోడ్లు చూడుండ్రి! ఒక్క రోడ్డన్న సక్కగున్నదా? అరవై ఏండ్ల సంది మనకు జరిగిన అన్యాయం గా గుంతలల్ల కనపడ్తది!" అంటున్నడు. జనం చప్పట్లు కొడ్తున్నరు.

నాకేమైందో తెల్వది. టైరును దొర్లిచ్చుకుంట నడ్మల నుంచి పోయిన. ఆయన కాళ్ల కాడ పడేసిన.

"సారూ, మా ఊరి రోడ్డు ఏసింది ఎవలు?" అన్న.

మైకుల నా మాట అందరికి ఇనపడ్డది. సారు నవ్వబోయిండు. "దుర్గయ్య మా డ్రైవరే. పాపం, ఇంట్ల కష్టమొచ్చింది. తాగినట్టున్నడు, జర పక్కకు తీస్కపోండ్రి" అన్నడు.

నేను పుట్టి బుద్ధెరిగి మందు ముట్టలేదని నీకు తెల్సు.

"తాగలే సారూ. రోడ్డు ఏసినవు నువ్వు. బిల్లు ఎత్తుకున్నవు నువ్వు. డాంబరు ట్యాంకరు నడిపింది నేను. రోజుకు నాలుగు ట్రిప్పులు రాసి రెండు పోసినం. గా గుంతల నా బిడ్డ బిడ్డ సచ్చింది. గీ అన్యాయం ఏ ప్రాంతపోడు చేసిండో చెప్పు!"

ఇద్దరు నా రెట్టలు పట్టుకున్నరు. టెంటు చూసుకునే పరశురాములు సారు, బడిపంతులు, మంచోడే, నన్ను పక్కకు తీస్కపోయి, "దుర్గయ్యా, నీ బాధ నాకు తెల్సు. ఇప్పుడు మనల మనమే గిట్ల నిలదీసుకుంటె అవతలోళ్లు నవ్వుతరు. తెలంగాణ రానియ్యి, గప్పుడు అడుగుదాం" అన్నడు. "పంతులూ, నేను సుత తెలంగాణ కోసమే రోజు టెంట్ల కూసున్న. గప్పటిదాక గా గుంతల ఇంకెంతమంది పడాలె?" అన్న. తాళంచెవి సారు ముంగట పెట్టి, నడుసుకుంట ఇంటికొచ్చిన. ఇప్పుడు శ్రీశైలం దుకాణంల పంచర్లు ఏస్తున్న.

ట్యాంకరు సంగతి నేను ఇన్ని దినాలు దాచిపెట్టిన. గది తప్పే. కాని దానికంటే పెద్దది ఒకటున్నది. మీ అవ్వకు తెల్వది. నీకు రాస్తున్న.

ఆ పొద్దున మన ఇంటెన్క చంద్రవ్వ కొడుకు ఆటో తెచ్చి వాకిట్ల నిలవెట్టిండు. "మామా, ఎక్కుండ్రి, నేను గుంతలు తప్పిచ్చుకుంట తీస్కపోత" అన్నడు. నేను వాపస్ పంపిన. బుడిపె సంగతి ఎరుకుండే పంపిన. "గీ ఆటోల ఎందుకురా, మా బిడ్డ కారుల పోతది" అన్న. మన వాడకట్టుల ఎవల బిడ్డ గంత పెద్ద కారుల కాన్పుకు పోలేదు. అందరు చూడాలె అనుకున్న. గది దీవెనా నా మనసుల ఉన్నది. సారును తిట్టిన నోరు నన్ను సుత తిట్టాలె గదా.

నిన్న పొద్దున మీ అక్క ఒక్కతే అరుగు మీద కూసుంటె దగ్గరికి పోయి చెప్పిన. చెప్పి కిందికి చూస్తున్న. అది, "నాకు తెల్సు బాపూ. ఆటో చప్పుడు నేను లోపలి నుంచే ఇన్న" అన్నది. "మరి ఎందుకు చెప్పలేదు?" అన్న. "నేను సుత కారే అనుకున్న" అన్నది.

ఇద్దరం ఏడ్సినం. పిల్ల పోయిన సంది అది ఏడ్సుడు గదే మొదలు.

కండ్లు తుడుసుకొని, "ఇగ దీని గురించి మనిద్దరం మల్ల అనుకోవద్దు. కారు మీద ఆశ పడుడు తప్పైతె, రోడ్డు మింగుడు ఏంది?" అన్నది. రేపు మీ బావతోని జగిత్యాల టెంటు కాడికి పోయి మైకు అడుగుతదట. మీ అవ్వ వద్దంటుంది, పచ్చి బాలింత అంటుంది. నేను వద్దనలే. శ్రీశైలం ఆటోల నేనే తీస్కపోత. మెల్లగ.

నువ్వు పరీక్షలు ఇడిసి ఉరికి రాకు. మంచిగ సదువు. కాన్పుల పని మంచిగ నేర్చుకో బిడ్డా.

ఇట్లు,
నిన్ను తలవని పూటలేని
మీ బాపు దుర్గయ్య