అలమేలు చెప్పిన జవాబు

అక్కా,

ఈ రోజు చిత్తూరులో నీ సంవత్సరీకం అయ్యాక, నా కూతురు అలమేలును తీసుకుని తిరుపతి బస్సెక్కాను. అది కిటికీ పక్కన బుద్ధిగా కూర్చుంది. ఇదివరకైతే హారన్ మోగితే చాలు, చెవులు మూసుకుని కేకలు పెట్టేది. డాక్టర్లు కూడా ఫలానా జబ్బని చెప్పలేకపోయిన పిల్లను నలుగురిలో కూర్చునేలా చేసింది నువ్వే. ఎవరైనా పలకరిస్తే ఏం బదులివ్వాలో మళ్లీ మళ్లీ చెప్పి ఓపికగా నేర్పావు.

పక్కన కూర్చున్న పెద్దావిడ దాన్ని పలకరించింది.

"ఎవురి బిడ్డమ్మా నువ్వు?"

"మా పనిమనిషి బిడ్డలెండి," అంది అలమేలు, అచ్చం నీ గొంతుతో.

ఆవిడ ఒకసారి దాన్ని, ఒకసారి నన్ను చూసింది.

నీ కూతురి పెళ్లిలో మగపెళ్లివారు అడిగితే నువ్వు నవ్వుతూ ఇచ్చిన జవాబది. అప్పుడు అలమేలు నీ కొంగు పట్టుకునే ఉంది. నేను మంచినీళ్ల చెంబుతో నీ వెనకే ఉన్నాను. దీని సంగతి తెలిస్తే సంబంధం చెడుతుందని భయపడ్డావేమో. ముందే చెప్పుంటే మేము వచ్చేవాళ్లమే కాదు. తర్వాత నువ్వూ ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఇంతలో నువ్వే లేకుండా పోయావు.

ఇంటికొచ్చి దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"ఎవురన్నా అడిగితే, పద్మమ్మ బిడ్డనని చెప్పాల," అని నా పేరు నేర్పబోయాను.

"కాదు. పెద్దమ్మ చెప్పింది," అంది.

మళ్లీ చెప్పాను. మళ్లీ అదే మాట అంది.

నువ్వు చెప్పిన మాట అది మరిచిపోదు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినదానివి నువ్వే కదక్కా.